ఆపరేషన్ బాగానే జరిగింది, మరి చూపేది?

షుగర్ వల్ల రెటీనా, అంటే కంటి వెనక బొమ్మ పడే తెర, పాడై కంటికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు పట్టీ విప్పగానే అడిగే ప్రశ్న ఇదే. డాక్టరు సక్సెస్ అంటారు, పేషంటేమో చార్టులో పై అక్షరం కూడా ఆనడం లేదంటాడు, నిజానికి ఇద్దరి మాటా నిజమే.

చిక్కంతా శుక్లం ఆపరేషన్‌తో పోల్చుకోవడంలో ఉంది. అక్కడ మసకబారిన లెన్సు తీసి కొత్తది పెడతారు, చాలామందికి తెల్లారేసరికి తేడా తెలిసిపోతుంది. ఇక్కడ చేసేది విట్రెక్టమీ, అంటే అర మిల్లీమీటరు సందుల్లోంచి సన్నటి పరికరాలు పంపి కంటి లోపలి జెల్లీని, అందులో దిగిన రక్తాన్ని, రెటీనాను పట్టి లాగుతున్న పొరలను తీసేయడం. అడ్డు తొలగుతుంది, అంతేగానీ కొత్త రెటీనా రాదు. ఒట్టి రక్తమే అడ్డుపడి ఉంటే చూపు కొన్ని వారాల్లోనే బాగా తేరుకోవచ్చు. మనం చదివేది, మనుషుల్ని గుర్తుపట్టేది రెటీనా నడిమి భాగమైన మాక్యులాతో. అదే ఊడి చాలాకాలమైనా, దానికి రక్తం అందించే సన్న నాళాలు మూసుకుపోయినా, చెయ్యి ఎంత తిరిగిన సర్జనైనా ఆ చూపును తిరిగి తేలేరు.

1985లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో, కంట్లో బాగా రక్తం దిగినవాళ్లకు ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేస్తే, రెండేళ్లకు 25 శాతం మందికి 6/12 (మామూలు చూపున్నవాళ్లు 12 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్ల నుంచి చదవగలగడం) లేదా అంతకన్నా మంచి చూపు వచ్చింది. ఏడాది ఆగి చేద్దామనుకున్నవాళ్లలో అది 15 శాతమే. ఇప్పటి పరికరాలతో, ఇంజెక్షన్లతో ఫలితాలు మెరుగయ్యాయి, అయినా అందరికీ 6/6, అంటే మామూలు చూపు, వస్తుందని ఎవరూ మాటివ్వలేరు.

రెటీనా అతుక్కుని నిలిచేందుకు ఆపరేషన్ చివర్లో కొందరికి కంట్లో గ్యాస్ గానీ సిలికాన్ ఆయిల్ గానీ నింపుతారు. గ్యాస్ నింపితే మొదట్లో దాదాపు ఏమీ కనిపించదు, తర్వాత చూపుకి అడ్డంగా నీటిమట్టంలాంటి గీత ఒకటి ఊగుతూ రోజురోజుకీ కిందికి దిగుతుంది, అది చూసి చాలామందికి టెన్షన్. గ్యాస్ కరుగుతోందని దానర్థం, పూర్తిగా పోయేదాకా మాత్రం విమానం ఎక్కకూడదు. సిలికాన్ ఆయిల్ పెడితే అద్దాల పవర్ మారిపోతుంది, దాన్ని తీయడానికి సాధారణంగా ఇంకో ఆపరేషన్ ఉంటుంది. ఒకటి రెండేళ్లలో శుక్లం రావడం కూడా మామూలే.

అందుకే ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టేముందే అడగండి: మాక్యులా ఎలా ఉంది, ఇది చూపు పెంచడానికా, ఉన్నది నిలబెట్టడానికా? ఆపరేషన్ తర్వాత నొప్పి పెరిగినా, చూపు ఒక్కసారిగా తగ్గినా, రమ్మన్న తేదీ కోసం చూడకుండా ఆ రోజే వెళ్లండి.