రెండున్నర నిమిషాల చీకటి

సభాధ్యక్షులకు, ఈ ప్రదర్శనను కూర్చిన నిర్వాహకులకు, తమ పనులను నమ్మకంతో మా చేతికిచ్చిన కళాకారులకు, కుర్చీలు చాలక గోడల వెంట నిలుచున్న మిత్రులందరికీ నమస్కారం. పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పవలసినవారు చాలామంది ఉన్నారు; వారందరికీ సభ ముగిశాక స్వయంగా చెప్పుకుంటాను. ఈ సాయంత్రం నన్ను ప్రయోగాత్మక వీడియో కళ చరిత్రను గురించి మాట్లాడమన్నారు. చరిత్ర కొంత చెబుతాను. అయితే వీడియోలు తీసేవారు, వాటిని ఎంచి కూర్చే క్యూరేటర్లు, ప్రొజెక్టర్లు నడిపేవారు, చూసేవారు, ఇలా అందరూ ఒకే కప్పు కింద కలిసే సందర్భం తరచుగా రాదు కనుక, చాలాకాలంగా మనసులో మోస్తున్న ఒక సంగతిని ముందుగా మీ ఎదుట పెడతాను.

పద్దెనిమిదేళ్ల కిందట నేను మా అమ్మ చేతులను వీడియో తీశాను. ఆవిడకు అప్పటికే చూపు బాగా తగ్గింది. సూదిలో దారం ఎక్కించడానికి ఆవిడ చేసే ప్రయత్నమే ఆ వీడియో. పంతొమ్మిది నిమిషాలు, ఎక్కడా కోత లేని ఒకే షాట్. మొదటి రెండున్నర నిమిషాలు తెర మీద ఏమీ ఉండదు. చీకట్లో ఆవిడ ఊపిరి, దారం కొసను పెదవుల మధ్య తడుపుకునే చిన్న చప్పుడు మాత్రమే వినిపిస్తాయి. చూపు తగ్గిన మనిషి తన పనిని ఎక్కడ మొదలుపెడుతుందో, చూసేవారు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలని నేను కోరుకున్నాను.

దానిని ఒక బృంద ప్రదర్శనకు పంపాను. ప్రారంభమైన మూడో రోజు అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. నా కెమెరా తీసిన చిత్రం వెడల్పుకూ ఎత్తుకూ 4:3 నిష్పత్తిది. అక్కడ గోడకు బిగించిన టీవీ 16:9ది. ఎవరో ఒక బటన్ నొక్కి, బొమ్మను తెర నిండేలా అడ్డంగా సాగదీశారు. అలా సాగదీసినప్పుడు ప్రతి వస్తువూ మూడో వంతు అదనంగా వెడల్పవుతుంది. శబ్దాన్ని పూర్తిగా తీసేశారు. పక్కనే కూర్చునే ఉద్యోగికి రోజంతా ఆ ఊపిరి వినడం ఇబ్బందిగా ఉందట. మొదటి రెండున్నర నిమిషాలను కోసేశారు. టీవీ పాడైందా అని జనం అడుగుతున్నారట. అమ్మ తెరకు జానెడు దూరం దాకా వెళ్లి, చాలాసేపు చూసి, "ఇవి నా చేతులు కావు నాన్నా" అన్నది. సన్నగా, నరాలు తేలి ఉండే ఆ వేళ్లు తెర మీద బండబారి, ఇంకెవరివో అయిపోయాయి. సరిచేయమని నేను అడిగితే, అక్కడివారు ఏమాత్రం కోపం లేకుండా, మర్యాదగానే, "ఆడుతూనే ఉంది కదండీ" అన్నారు.

ఆడుతూనే ఉంది కదండీ! ఈ ఒక్క మాట ఈనాటికీ నన్ను వదలలేదు. వర్ణచిత్రాన్ని తలకిందులుగా తగిలించి "గోడ మీదే ఉంది కదా" అని ఎవరూ అనరు. శిల్పానికి చేయి విరిగితే "నిలబడే ఉంది కదా" అని ఎవరూ అనరు. వీడియో విషయంలో మాత్రం పరికరంలో దీపం వెలుగుతూ బొమ్మ కదులుతూ ఉంటే చాలు, బాధ్యత తీరిపోయినట్టు భావిస్తాం. నా తప్పూ ఇందులో ఉంది, దానిని దాచను. కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూడవలసిన పనిని, జనం నడుస్తూ పోయే గదికి పంపాను. ఫైలుతో పాటు ఎలా చూపించాలో చెప్పే కాగితం ఒక్కటీ పంపలేదు. వారికి తెలిసే ఉంటుందనుకున్నాను.

ఇక చరిత్రకు వస్తాను. 1963 మార్చిలో జర్మనీలోని వుప్పర్తాల్ పట్టణంలో, పార్నాస్ గ్యాలరీలో, వీడియో కళకు ఆద్యుడిగా చెప్పుకునే కొరియన్ కళాకారుడు నామ్ జూన్ పైక్ తన మొదటి వ్యక్తిగత ప్రదర్శన ఏర్పాటు చేశాడు. అందులో అతను లోపలి సర్క్యూట్లను మార్చివేసిన టీవీలు ఉన్నాయి. వాటిలో ఒకటి చెడిపోయి, బొమ్మంతా ముడుచుకుపోయి, తెర మధ్య ఒక్క గీత మాత్రమే మిగిలింది. పైక్ దానిని పక్కన పడేయలేదు. టీవీని పక్కకు తిప్పి, ఆ గీత నిలువుగా నిలిచేలా పెట్టాడు. ఇవాళ మనం ‘జెన్ ఫర్ టీవీ’ అని పిలుచుకునే పని అదే. ఈ కథ చెప్పినప్పుడల్లా, లోపం కూడా కళ అయినప్పుడు మీ వీడియో కాస్త సాగితే మాత్రం ఏమిటని అడిగేవారు ఎదురవుతూనే ఉంటారు. వారికి నేను చెప్పేది ఒకటే: ఆ గీతను చూసి, ఆలోచించి, టీవీని తిప్పాలని నిర్ణయించినది కళాకారుడు. నా తల్లి వేళ్లను వెడల్పు చేయాలని ఎవరూ నిర్ణయించలేదు. అది ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల జరిగింది.

1972లో అమెరికన్ కళాకారిణి జోన్ జోనస్ చేసిన ‘వర్టికల్ రోల్’ను గుర్తు చేసుకోండి. పాత టీవీలలో నిలువు సర్దుబాటు తప్పితే బొమ్మ కింది నుంచి పైకో పై నుంచి కిందికో అదేపనిగా దొర్లిపోయేది. ఇంట్లో ఎవరైనా లేచి వెళ్లి గుబ్బ తిప్పి సరిచేసే ఆ లోపాన్నే ఆవిడ సుమారు ఇరవై నిమిషాల పనికి వెన్నెముకగా చేసుకున్నది. బొమ్మ దొర్లిన ప్రతిసారీ దెబ్బ కొట్టినట్టు ఒక చప్పుడు వినిపిస్తుంది. ఆవిడ శరీరం ఆ దొర్లుడుతో పోటీ పడుతుంది. దానిని శబ్దం లేకుండా గోడకు తగిలించామనుకోండి. మిగిలేది చెడిపోయిన టీవీ. ఆ చప్పుడే చూసేవారికి ఇది లోపం కాదని, ఎవరో లెక్కపెట్టి చేస్తున్న పని అని చెబుతుంది.

మన దేశం నుంచి కూడా ఒక ఉదాహరణ చెప్పాలి. బొంబాయిలో 1969 నుంచి 1972 వరకు చిత్రకారుడు అక్బర్ పదమ్‌సీ నడిపిన విజన్ ఎక్స్‌ఛేంజ్ వర్క్‌షాప్‌లో చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు కెమెరాతో ప్రయోగాలు చేశారు. చిత్రకారిణి నళినీ మలానీ అక్కడ 1969లో రంగుల్లో ఒక స్టాప్ మోషన్ యానిమేషన్, అంటే ఒక్కో బొమ్మను విడిగా తీసి వరుసగా నడిపే ఫిల్మ్, చేసింది; కొత్త నగరం మీద, కొత్త ఇళ్ల మీద ఆశ నిండిన పని అది. 1976లో దానికి జోడీగా నలుపు తెలుపుల్లో మరో ఫిల్మ్ తీసింది. అందులో ఒక యువతి, ఆ ఆశ నెరవేరని నగరాన్ని చూస్తూ ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన రెండు ప్రొజెక్షన్లుగా కనిపించినప్పుడే అది ‘యుటోపియా’. ఒక ప్రొజెక్టర్ ఆగిపోయి ఒక్క వైపే నడుస్తుంటే, అప్పుడు కూడా ఎవరో ఒకరు "ఆడుతూనే ఉంది కదా" అనగలరు. కానీ ఆశకూ నిజానికీ మధ్య గడిచిన ఆ ఏడేళ్ల దూరం అక్కడ ఉండదు. పదమ్‌సీ సొంతగా తీసిన ఫిల్ములలో ఒకదానికి ఉన్న ఏకైక ప్రింటే పోయింది. ఆ ఫిల్మ్‌ను మళ్లీ ఊహించే ప్రయత్నం దశాబ్దాల తరువాత, ఆయన వృద్ధాప్యంలో, మరొక దర్శకుడి సాయంతో జరగవలసి వచ్చింది. ఉన్న ఒక్క ప్రతినీ పంపించి, అది తిరిగి వస్తుందని ఎదురుచూసే యువ కళాకారులు ఈ సభలోనూ ఉన్నారు. దయచేసి అలా పంపకండి.

భద్రపరచడం గురించి చెప్పడం మొదలుపెడితే నేను ఆగలేను. ఒక్క సంగతి చెప్పి ముందుకు వెళతాను. పైక్ 1988లో దక్షిణ కొరియా జాతీయ ఆధునిక కళా మ్యూజియం కోసం గ్వాచాన్‌లో 1,003 మానిటర్లతో ఒక గోపురం నిర్మించాడు. పాత గాజు గొట్టాల మానిటర్లు వేడెక్కి, ఒక్కొక్కటిగా పాడై, 2018లో దానిని ఆపేయవలసి వచ్చింది. అన్నింటినీ పలుచని కొత్త తెరలతో మార్చేస్తే పని సులువుగా తీరేది. వారు అలా చేయలేదు. 737 మానిటర్లను పాత పద్ధతిలోనే బాగుచేసి గానీ, వాడిన పాతవి వెతికి తెచ్చి గానీ నిలబెట్టారు. మిగిలిన 266 చోట్ల మాత్రమే పలుచని తెరలు అమర్చారు. 2022లో అది మళ్లీ వెలిగింది. ఆ గాజు ఉబ్బు, ఆ లోతు, ఆ కాంతి పనిలో భాగమని వారు గుర్తించారు. అంత డబ్బు మనలో ఎవరి దగ్గరా ఉండదు, నిజమే. కానీ టీవీ రిమోట్‌లో బొమ్మ నిష్పత్తిని సరిచేసే బటన్‌కు డబ్బు అక్కరలేదు.

కళాకారులు గట్టిగా అడిగితే సంస్థలు వింటాయి. 2010లో కళాకారుడు క్రిస్టియన్ మార్క్లే చేసిన ‘ది క్లాక్’ ఇరవై నాలుగు గంటల పని. అందులో తెర మీద కనిపించే గడియారాలు ప్రేక్షకుడి చేతి గడియారంతో నిమిషం తప్పకుండా నడుస్తాయి. కనుక దానిని చూపించే మ్యూజియం ఎప్పుడో ఒకసారైనా రాత్రంతా తలుపులు తెరిచి ఉంచాలని ఆయన కోరాడు. ఎలాంటి సోఫాలు వేయాలో కూడా చెప్పాడు. పెద్ద పెద్ద మ్యూజియంలు రాత్రి కాపలా ఏర్పాటు చేసుకుని మరీ ఆ మాట పాటించాయి. పేరున్నవారి మాట చెల్లుతుందని మీరనవచ్చు. ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్నవారికి నా విన్నపం ఏమిటంటే, ఫైలుతో పాటు ఒక్క పేజీ పంపండి. బొమ్మ నిష్పత్తి, శబ్దం ఎంత ఉండాలి, హెడ్‌ఫోన్లలోనా స్పీకర్లలోనా, తెర కనీస పరిమాణం, లూప్‌గా ఆగకుండా మళ్లీ మళ్లీ తిప్పాలా లేక ఫలానా సమయానికి మొదలుపెట్టాలా, కూర్చోవడానికి ఏమి ఉండాలి, ఏ భాగాన్ని చూసి పొరపాటనుకునే ప్రమాదం ఉంది, ఇవన్నీ రాయండి. ఆ చివరిదాన్ని మరిచిపోవద్దు. నేను ఆ రోజు రెండు వాక్యాలు, ‘బొమ్మను సాగదీయకండి. మొదటి రెండున్నర నిమిషాల చీకటి ఉద్దేశపూర్వకం’ అని రాసి ఉంటే, నా తల్లి తన చేతులను తాను గుర్తుపట్టి ఉండేదేమో.

క్యూరేటర్లతో కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తరువాతి కాలంలో నేనూ ఆ పని చేశాను, తప్పు కూడా చేశాను. ఒకసారి గంటన్నర కార్యక్రమం కూర్చినప్పుడు, చెవులు గింగురుమనిపించే ఒక పని ముగిసిన వెంటనే ఏడు నిమిషాల మౌన వీడియోను పెట్టాను. కాగితం మీద చూస్తే ఆ వైరుధ్యం నాకు అందంగా తోచింది. హాలులో మాత్రం జనం ఆ ఏడు నిమిషాలూ తమ చెవుల్లోని హోరు తగ్గడం కోసం వేచి ఉన్నారు. దగ్గారు, కదిలారు, ఫోన్లు చూసుకున్నారు. ఆ మౌన వీడియో చేసినామె వెనుక వరుసలో కూర్చుని ఉన్నది. ఆవిడ నాతో ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ తరువాత నేను ఏ జాబితానూ కాగితం మీద ఖాయం చేయలేదు. ఖాళీ హాలులో, నడిపే వ్యక్తితో కలిసి, మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూసి, రెండు పనుల మధ్య ఎన్ని సెకన్ల చీకటి అవసరమో విని నిర్ణయిస్తున్నాను. ప్రొజెక్షన్ గదిలో ఉన్న మిత్రులారా, ఈ కార్యక్రమం కోసం రెండు రాత్రులు నాతో అలా కూర్చున్నది మీరే. మీ పేర్లు కరపత్రంలో కళాకారుల పేర్లతో సమానమైన అక్షరాలలో వేయించమని నేనే అడిగాను, నిర్వాహకులు అంగీకరించారు.

ఇప్పుడు చూడబోయే ఆరు వీడియోలలో మూడవది, నేను ఇంతసేపూ చెప్పిన ఆ పంతొమ్మిది నిమిషాలు. అసలు టేపు నుంచి మళ్లీ నకలు తీశాము. నిష్పత్తి 4:3, ఇరువైపులా నల్లని పట్టీలు ఉంటాయి. శబ్దం ఉంటుంది. మొదటి రెండున్నర నిమిషాలు తెర చీకటిగా ఉంటుంది. ప్రొజెక్టర్ చెడిపోలేదు, దయచేసి లేవకండి, ఫోన్ల వెలుగు పడనీయకండి. మా అమ్మ ముందు వరుసలో కూర్చుని ఉన్నది. ఆవిడకు ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది. శబ్దం కాస్త పెంచమని మధ్యాహ్నం అడిగింది, పెంచాము. లైట్లు ఆర్పవలసిందిగా కోరుతున్నాను.