మీది ఏ ఊరు?

శ్రోతలకు నమస్కారం.

ఇంటికి కొత్త మనిషి వస్తే మన పెద్దలు మొదట అడిగే మాట, "మీది ఏ ఊరు?" అని. మ్యూజియంలో అద్దాల పెట్టె ముందు నిలబడినప్పుడు కూడా మొదట అడగవలసినది ఇదేనని నా అభిప్రాయం. మనమేమో అది ఎంత పాతది, ఎంత విలువైనది అని అడిగి ముందుకు కదిలిపోతాము.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియం నాంపల్లి స్టేషనుకు దగ్గరే కనుక, వరంగల్ నుండి రైలులో వెళ్ళిరావచ్చును. శుక్రవారం సెలవని మాత్రం మరువకండి. అక్కడ అందరూ గుమిగూడేది ఈజిప్టు మమ్మీ దగ్గర. రెండువేల ఏళ్ళకు పైబడిన ఆ యువతి దేహాన్ని ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు కానుకగా ఇవ్వగా, ఆయన 1930లో మ్యూజియానికి అప్పగించారు. ఈజిప్టువారు మెదడును ముక్కు గుండా, కడుపులోని అవయవాలను పక్కన పెట్టిన గాటు గుండా తీసి, గుండెను సాధారణంగా లోపలే ఉంచి, నేట్రాన్ అనే లవణంలో దాదాపు 40 రోజులు ఆరబెట్టి, నారబట్టతో చుట్టి ముగించేసరికి 70 రోజులు గడిచేవి. ఏటా మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి ఎండబెట్టే ఇళ్ళవారికి ఇందులోని కిటుకు తెలియనిది కాదు. పోలిక మొరటుగా తోస్తే మన్నించండి.

ఆమె పేరు నైషు అంటారు. పేరైతే ఉంది కాని, తవ్వకంలో కాక కొనుగోలుగా వచ్చినందువల్ల ఏ సమాధిలో, ఏయే వస్తువుల నడుమ పడుకుని ఉండేదో ఆ కొనుగోలు మనకు చెప్పదు.

ఇక మన పెద్దపల్లి జిల్లా పెద్దబంకూరు సంగతి చూడండి. అక్కడ 1968 నుండి 1974 వరకు జరిగిన తవ్వకాలలో శాతవాహనుల కాలపు ఇటుక గోడలు, బావులు, కమ్మరి కొలిమి ఆనవాళ్ళు, ఇరవై వేలకు పైగా నాణేలతో నిండిన ఒక కుండ బయటపడ్డాయి. శాతవాహన నాణెం చూడడానికి బంగారంలా మెరవదు; ఎక్కువగా సీసం, రాగి, మిశ్రమ లోహాల ముక్కలే, కొన్నింటిపై ఒకవైపు ఏనుగు, మరొకవైపు కూడిక గుర్తులాంటి గీతల నాలుగు కొసలా వలయాలున్న ఉజ్జయిని గుర్తు. అయినా బావీ కొలిమీ ఉన్న ఊరిలోనే దొరికినందువల్ల, అక్కడ పనివారు, కొనుగోళ్ళు, నీళ్ళ ఏర్పాటు ఉండేవని అవి సాక్ష్యం చెబుతున్నాయి. అదే చోట రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు కూడా దొరికాయంటే, సముద్రం దాటి వచ్చిన సొమ్ము చేతులు మారుతూ గోదావరి సీమ లోపలిదాకా చేరిందన్నమాట. కుండ దాచిన మనిషి పేరు మాత్రం తెలియదు.

మన పల్లెల పక్కన పాటిగడ్డలు, అంటే పాత ఊళ్ళు పాడుబడి మిగిలిన మట్టి దిబ్బలు ఉంటాయి. ఎరువుగా పనికివస్తుందని పాటిమట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకునే అలవాటు ఉన్నందున, ఎన్ని కుండలు, నాణేలు ఊరు తప్పిపోయాయో లెక్కలేదు. నాగలికి ఏదైనా తగిలితే చింతపండు వేసి తోమకండి. తుప్పుతో పాటు అక్షరాలూ అరిగిపోతాయి. దొరికిన చోట గుర్తు పెట్టుకొని, ఎంత లోతున, వేటి పక్కన ఉన్నదో రాసుకొని అధికారులకు తెలపండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయవలసి ఉంటుంది. ఆ నాణెం రేపు అద్దాల పెట్టెలోకి చేరినా, దాని పక్కన మీ ఊరి పేరు ఉంటుంది.