ఒక పన్ను, రెండు ఎదురుచూపులు

సభలోని పెద్దలకు నమస్కారం. ఈ ప్రాంతంలోని ఒక బోధనాసుపత్రిలో నోటి శస్త్రచికిత్స నేర్పేవాణ్ణి కనుక, బరంపురంలో తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా నన్ను అడిగే ప్రశ్నతోనే మొదలుపెడతాను: “ఒక్క పన్ను తీయడానికి ఇన్నిసార్లు తిప్పుతారేమండీ?”

ఎదురుచూపు రెండు రకాలు. చీటీ రాయించుకుని బల్ల మీద కూర్చునేది ఒకటి, శస్త్రచికిత్స తారీఖు కోసం వారాల తరబడి ఇంట్లో కూర్చునేది రెండోది. మొదటిదానికి కోపం వస్తుంది. హాని చేసేది మాత్రం ఎక్కువగా రెండోదే.

బోధన ఉన్నచోట పని నెమ్మదిగానే సాగుతుంది. విద్యార్థి రోగిని అడిగి వివరాలు రాసుకోవాలి, ఎక్స్‌రే చూడాలి, మేము సరిచూసి సంతకం పెట్టాలి, కింది దవడకు మత్తు సూది వేశాక పెదవి మొద్దుబారేదాకా ఆగాలి, పట్టకపోతే మళ్ళీ వేయాలి. బయటివాళ్ళకు కనిపించని అడ్డంకి ఇంకొకటి ఉంది. పరికరాల మీది క్రిములను ఆవిరితో చంపే ఆటోక్లేవ్ యంత్రంలో 121 డిగ్రీల దగ్గర వాటిని ఉంచేది 15 నిమిషాలే అయినా, వేడెక్కడం, ఆరడం కలుపుకుంటే గంట దగ్గరికి వస్తుంది. పరికరాల సెట్లు తక్కువగా ఉన్న రోజున రోగి ఎదురుచూసేది డాక్టరు కోసం కాదు, పటకారు కోసం.

లెక్క చూడండి. రోజుకు 10 మందికి చేయగల చోట 12 మంది వస్తే, 20 పనిదినాలకు 40 మంది మిగిలిపోతారు; ఆ మర్నాడు వచ్చినవారికి నాలుగు రోజుల అవతలి తారీఖు పడుతుంది, నెలనెలా అది ఇంకా వెనక్కి జరుగుతుంది. అలాంటి వరుసలో ఒక్క కుర్చీ ఖాళీగా పోయినా ఆ నష్టం వెనకున్న అందరిదీ. ఆ కుర్చీ ఖాళీ అవడానికి కారణాలు చాలాసార్లు చిన్నవే: షుగరు పరీక్ష చేయించుకోలేదు, బీపీ ఎక్కువగా ఉంది, తోడు ఎవరూ రాలేదు.

ఇచ్ఛాపురం వైపు నుంచి ఒక పెద్దాయన తెల్లవారుజాము బండికి వచ్చారు. జ్ఞానదంతం తీయాలి. ఆపరేషనంటే పస్తుండాలనుకుని ఏమీ తినలేదు, షుగరు మాత్ర మాత్రం వేసుకున్నారు. పదకొండు దాటేసరికి బల్ల మీదే చెమటలు పట్టి వాలిపోయారు. పంచదార నీళ్ళు తాగించి, ఆయన తేరుకున్నాక, పన్ను తీయకుండానే పంపించాం. కేవలం ఆ చోటుకే మత్తిచ్చి పన్ను తీసేటప్పుడు తిని రావాలని మా కాగితంలో ఉంది, కాకపోతే ఒడియాలో ఉంది. ఆయన ఒడియా చక్కగా మాట్లాడతారు, చదవలేరు. ఆ తప్పు మాదే. ఇప్పుడు ఆ కాగితం రెండు లిపుల్లోనూ ఇస్తున్నాం.

ఇక నా అసలు అభ్యంతరం, వచ్చిన వరుసలోనే అందరినీ పిలవడం మీద. పుచ్చిపోయినా నొప్పి లేని పన్ను పది రోజులు ఆగగలదు. దవడ కింద వాపు వచ్చి, జ్వరంతో మింగలేకపోతున్న మనిషి ఒక్క పూట కూడా ఆగకూడదు. వీళ్ళిద్దరి మధ్య చప్పుడు చేయకుండా నిలబడేవాడు ఒకడుంటాడు, నా భయమంతా అతని గురించే. 2013 నుంచి ఒడిశాలో గుట్కా నిషేధమైనా, వక్క నమిలే అలవాటు మన ఊళ్ళలో పోలేదు. వక్క క్యాన్సరు కారకమని 2004లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. అలా వక్క నమిలేవాడికి నొప్పి ఉండదు, నోరు మాత్రం కొద్దికొద్దిగా మూసుకుపోతుంటుంది, అందుకే అతను తొందరపడడు, మనమూ తొందరపడం.

మా ఓపీ గుమ్మం దగ్గర ఇప్పుడు ఒక విద్యార్థిని నిలబెట్టాం. వచ్చినవాళ్ళను తమ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టి చూడమంటారు, రెండు వారాలు దాటినా మానని పుండు ఉందా అని అడుగుతారు. వేళ్ళు పట్టనివాళ్ళు, పుండు ఉన్నవాళ్ళు టోకెన్ ఎంతైనా ముందు లోపలికి వస్తారు. వెనకున్నవాళ్ళు గొణుగుతారు, నిజమే. వాళ్ళకు కారణం ఒడియాలోనూ తెలుగులోనూ చెప్పే పని కూడా ఆ విద్యార్థిదే.