నవ్వొస్తే తప్పు చేసినట్టు ఎందుకు అనిపిస్తుంది?

హాయ్ అందరికీ, ఈరోజు వీడియో కొంచెం పర్సనల్‌గా మొదలెడతా, ఓపిక పట్టండి.

మా తాతయ్యకి ఫోన్ కట్ చెయ్యడం వచ్చేది కాదు. "సరే, ఇక పెట్టేస్తున్నా" అని నాలుగుసార్లు చెప్పేవాడు, చెప్పి ఫోన్ అలాగే జేబులో వేసుకునేవాడు, ఇవతల మేము ఆయన చెప్పుల చప్పుడు, దగ్గు, తనలో తను ఎవర్నో తిట్టుకోవడం, అన్నీ వింటూ కూర్చునేవాళ్ళం. ఆయన పోయిన రెండో రోజు ఇంట్లో అందరం మాటా పలుకూ లేకుండా కూర్చుంటే ఎవరో ఈ సంగతి ఎత్తారు, అంతే, అమ్మ పగలబడి నవ్వింది. రెండు రోజులుగా వెక్కి వెక్కి ఏడుస్తున్న మనిషి! వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "ఛీ, నాన్న పోతే నవ్వుతున్నానేంటి నేను" అంది. పక్కనున్న ఒకావిడ చూసిన చూపు నాకింకా గుర్తుంది, సరే వదిలేయండి.

ఆ నవ్వు గురించి నాకు అప్పట్లో ఏం చెప్పాలో తెలీలేదు. తర్వాతెప్పుడో సైకాలజీ చదువుతుంటే ఒక స్టడీ కనపడింది. 1997లో జార్జ్ బొనానో, డాకర్ కెల్ట్‌నర్ అని ఇద్దరు సైకాలజిస్టులు, భార్యనో భర్తనో పోగొట్టుకుని ఆర్నెల్లయినవాళ్ళని కూర్చోబెట్టి, పోయినవాళ్ళ గురించి మాట్లాడించి, వీడియో తీసి, ఆ మొహాల్లో కండరాలు ఎప్పుడెలా కదిలాయో ఒక్కొక్కటీ రాసుకున్నారు. అలా మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో నిజంగా నవ్వినవాళ్ళున్నారు. నిజంగా అంటే కళ్ళ చుట్టూ ముడతలు పడే నవ్వు, ఫోటోకి నవ్వే నవ్వు కాదు. అలా నవ్వినవాళ్ళలో కోపం తక్కువగా ఉంది, చుట్టూ ఉన్న మనుషులతో సంబంధాలు కూడా బాగున్నాయి. నవ్వారు కాబట్టి కోలుకున్నారా, కోలుకుంటున్నారు కాబట్టి నవ్వగలిగారా అంటే ఈ ఒక్క స్టడీతో తేలదు, అది ఒప్పుకోవాలి. కానీ దుఃఖంలో నవ్వొస్తే ఆ దుఃఖం ఉత్తిదే అనుకునేవాళ్ళకి మాత్రం ఇది సరైన సమాధానం.

అసలు పాజిటివ్ ఎమోషన్స్ వల్ల ఉపయోగం ఏంటి? భయానికి అర్థం ఉంది, పారిపోతాం. కోపానికి ఉంది, తిరగబడతాం. మరి సంతోషం, కుతూహలం, ప్రశాంతత, ఇవి దేనికి? బార్బరా ఫ్రెడ్రిక్సన్ అనే సైకాలజిస్టు 1998లో సరిగ్గా ఈ ప్రశ్నే వేసింది. ఆవిడ చెప్పేదేంటంటే, భయంలో చూపు ఒక్కచోటికి కుచించుకుపోతుంది, మనసు బాగున్నప్పుడు విచ్చుకుంటుంది, అలా విచ్చుకున్నప్పుడు ఆడతాం, కొత్తవి కెలుకుతాం, పక్కవాళ్ళతో కలుస్తాం, ఆ సంతోషం పది నిమిషాల్లో పోయినా అప్పుడు నేర్చుకున్నది, అప్పుడు కుదిరిన స్నేహం మాత్రం మనతోనే ఉండిపోతాయి, కష్టం వచ్చిన రోజు పనికొచ్చేవి అవే.

విచ్చుకోవడం అంటే ఏంటో చూపిస్తా. మీ ముందు ఒక కొవ్వొత్తి, ఒక అగ్గిపెట్టె, ఒక అట్టపెట్టె నిండా గుండుపిన్నులు ఉన్నాయి. కొవ్వొత్తిని గోడకి నిలబెట్టాలి, వెలిగిస్తే మైనం కింద టేబుల్ మీద పడకూడదు. వీడియో ఆపి ఆలోచించండి కావాలంటే. చాలామంది పిన్నుల్ని కొవ్వొత్తిలోంచి గోడకి గుచ్చాలని చూస్తారు, లేదా మైనం కరిగించి అంటించాలని చూస్తారు, రెండూ పనిచెయ్యవు. ఆన్సర్ ఆ పెట్టె! పిన్నులు పక్కన పోసేసి, ఖాళీ పెట్టెని గోడకి గుచ్చి, దాంట్లో కొవ్వొత్తి నిలబెట్టడమే. పెట్టె కళ్ళెదురుగానే ఉంది, కానీ పిన్నులు ఉన్నంతసేపూ అది "పిన్నుల పెట్టె"లాగే కనపడుతుంది, వాడుకునే వస్తువులా కనపడదు. ఇది కార్ల్ డంకర్ అనే సైకాలజిస్టు తయారుచేసిన పాత పజిల్. 1987లో ఆలిస్ ఐసెన్ అనే సైకాలజిస్టు టీమ్ ఏం చేసిందంటే, దీన్ని ఇచ్చేముందు కొంతమందికి కొన్ని నిమిషాలు కామెడీ క్లిప్ చూపించింది, ఇంకొంతమందికి మామూలు ఫిల్మ్ చూపించింది. కామెడీ చూసొచ్చినవాళ్ళలో చాలా ఎక్కువమంది సాల్వ్ చేశారు. వాళ్ళకి తెలివి కొత్తగా ఏం రాలేదు కదా, పిన్నుల పెట్టెలో వాడుకునే వస్తువు కనపడింది అంతే.

ఇప్పుడు కోలుకోవడం సంగతి. ఇది నాకు బాగా ఇష్టమైన ఎక్స్‌పెరిమెంట్, కొంచెం క్రూరమైంది కూడా. ఫ్రెడ్రిక్సన్ టీమ్ 2000లో చేసింది. స్టూడెంట్స్‌ని పిలిచి, ఒక్క నిమిషం టైమ్ ఇస్తాం, స్పీచ్ ప్రిపేర్ అవ్వు, కెమెరా ముందు మాట్లాడాలి, దానికి మార్కులు వేస్తారు అన్నారు. ఇంకేముంది, గుండె దడదడ, బీపీ పైకి. అప్పుడు స్పీచ్ లేదు పొమ్మని ఒక చిన్న ఫిల్మ్ వేశారు, కొందరికి సముద్రం అలలు, కొందరికి ఆడుకునే కుక్కపిల్ల, కొందరికి ఏ భావమూ కలిగించనిది, కొందరికి ఏడుపొచ్చేది. అలలు, కుక్కపిల్ల చూసినవాళ్ళ గుండె అందరికంటే ముందు మామూలు స్థితికి వచ్చింది, ఏడుపు ఫిల్మ్ చూసినవాళ్ళది అందరికంటే లేటు. ఇంకో ముక్క ఏంటంటే, అసలు టెన్షనే పెట్టకుండా అవే ఫిల్ములు చూపిస్తే గుండె విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే కుక్కపిల్ల మిమ్మల్ని ఎక్కడికో పైకి తీసుకెళ్ళదు, బిగుసుకున్న ముడిని విప్పుతుందంతే.

ఇంతవరకూ విని "అయితే రోజంతా పాజిటివ్‌గా ఉండాలన్నమాట" అనుకుంటే ఆగండి. ఇక్కడే పెద్ద గొడవ జరిగింది. 2005లో ఇదే ఫ్రెడ్రిక్సన్, మార్షియల్ లొసాడా అనే ఆయనతో కలిసి ఒక పేపర్ రాసింది, ఒక నెగెటివ్ ఎమోషన్‌కి 2.9013 పాజిటివ్ ఎమోషన్స్ ఉంటే మనిషి వికసిస్తాడు అని. నాలుగు దశాంశాలు, చూడండి! మనసుకి తూకం రాళ్ళు పెట్టినట్టు. 2013లో నిక్ బ్రౌన్ అనే మాస్టర్స్ స్టూడెంట్, అలన్ సోకల్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్, హారిస్ ఫ్రీడ్‌మన్ అనే సైకాలజిస్టు కలిసి ఆ లెక్కకి ఆధారమే లేదని తేల్చేశారు, లెక్కలున్న ఆ భాగాన్ని జర్నల్ కూడా వెనక్కి తీసుకుంది. అయినా "మూడుకి ఒకటి" అని ఇప్పటికీ చెప్పే ట్రైనర్లు ఉన్నారు, మీకు కనపడితే ఈ వీడియో పంపండి.

ఇంకోటి, 2011లో ఐరిస్ మాస్ అనే సైకాలజిస్టు టీమ్ గమనించింది, సంతోషంగా ఉండి తీరాలి అని మరీ పట్టుబట్టేవాళ్ళు, సంతోషంగా ఉండాల్సిన టైమ్‌లోనే డీలా పడుతున్నారని. ఎందుకంటే నవ్వుతూనే ఇది చాలా, ఇంకా రావాలా అని లోపల లెక్కేసుకుంటుంటారు. నేను చేసి చూశా, ఒక నోట్‌బుక్ పెట్టుకుని రోజూ మూడ్‌కి పదికి ఇన్నని మార్కులు వేసుకున్నా, పది రోజులకి ఆ నోట్‌బుక్ చూస్తేనే చిరాకొచ్చింది.

అందుకే ఎవరైనా కష్టంలో ఉంటే "పాజిటివ్‌గా ఉండు" అనడం నేను మానేశా, అది అవతలి మనిషికి ఇంకో హోంవర్క్ ఇచ్చినట్టు ఉంటుంది. పక్కన కూర్చుంటా, మాట్లాడితే వింటా, మధ్యలో వాళ్ళకే నవ్వొస్తే నేనూ నవ్వుతా, ఏడిస్తే అదీ సరే.

మొన్న అమ్మతో ఫోన్‌లో మాట్లాడాను. అంతా అయ్యాక "సరే, ఇక పెట్టేస్తున్నా" అంది. మళ్ళీ అంది. నాలుగోసారి కూడా అని ఫోన్ పక్కన పెట్టేసింది, కట్ చెయ్యలేదు, గిన్నెల చప్పుడు వినపడుతూనే ఉంది, నేనూ కట్ చెయ్యలేదు.