నాలుగు సైడ్ల కచేరీ

అందరికీ నమస్కారం. ముందు ఒక లెక్కతో మొదలుపెడదాం, చేతి మీద తాళం వేస్తూ నాతో పాటు అనండి: తకిట, తకిట, తకిట, తక. మూడు, మూడు, మూడు, రెండు, మొత్తం పదకొండు. మృదంగం నేర్చుకున్నవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. 1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ అనే హాల్లో బెర్రీ ఓక్లీ తన బేస్ గిటార్ మీద ఒక్కడే ఈ పదకొండు ఎత్తుకున్నాడు. అతని వెనక ఇద్దరు డ్రమ్మర్లు, పక్కన ఇద్దరు గిటారిస్టులు, ఆర్గన్ ముందు గ్రెగ్ ఆల్‌మన్. అలా మొదలైన పాట ముగిసేసరికి 23 నిమిషాలయింది. పాట పేరు 'విప్పింగ్ పోస్ట్', బృందం ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్, ఆల్బమ్ 'ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్'. ఇదే పాటను 1969లో స్టూడియోలో చేసినప్పుడు ఐదు నిమిషాల చిల్లర.

ఐదు నిమిషాల పాట ఇరవై మూడు ఎలా అయింది, అయినదాన్ని జనం ఎందుకు కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లారు, ఈ రోజు నేను మాట్లాడదలుచుకున్నది దీని గురించే. డబుల్ లైవ్ ఆల్బమ్, అదే, జనం ముందు వాయించింది రెండు రికార్డుల్లో వేసి అమ్మేది, అదంతా హిట్ పాటలకు చప్పట్లు కలిపి మళ్లీ అమ్మడమే కదా అని చాలామంది తీసిపారేస్తారు. అలాంటివీ వచ్చాయి, కాదనను. కానీ కొన్ని బ్యాండ్లు అసలు ఎవరో తెలిసేది ఆ రెండు రికార్డుల్లోనే.

కచేరీలు విని పెరిగిన మనకు ఇది పట్టుకోవడం కష్టం కాదు. ఒక కీర్తన పది నిమిషాల్లో పాడొచ్చు, అదే కీర్తన ఆలాపన, నెరవు, కల్పనస్వరాలతో గంట నడవొచ్చు. గంట నడిచిందని సాగదీశారు అనం, ఈ రోజు విద్వాంసుడికి మూడ్ కుదిరింది అంటాం. రాక్ బ్యాండ్లు కూడా 1960ల చివరికి స్టేజీ మీద ఇలాగే వాయించడం మొదలుపెట్టాయి, చిక్కంతా రికార్డుతోనే వచ్చింది. ఎల్పీ, అంటే ఆ పెద్ద నల్ల రికార్డు, ఒక సైడుకి పట్టేది ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. అంతకు మించి కుక్కితే గాడులు దగ్గరపడి సౌండ్ పలచబడుతుంది. రెండు సైడ్లూ కలిపి నలభై చిల్లర నిమిషాలు, అందులో రెండు గంటల కచేరీ ఏం పడుతుంది? అందుకే రెండో రికార్డు. 1969లో గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్లు 'లైవ్/డెడ్' తెచ్చినప్పుడు మొదటి సైడంతా ఒక్క పాటే, 'డార్క్ స్టార్', అదీ 23 నిమిషాలే.

మళ్లీ ఫిల్‌మోర్‌కి వస్తాను, ఎందుకంటే నా మనసంతా అక్కడే ఉంది. ఆల్‌మన్ బ్రదర్స్ మొదటి రెండు ఆల్బమ్‌లు పెద్దగా అమ్ముడుపోలేదు, కానీ స్టేజీ మీద వాళ్లని చూసినవాళ్లు మాత్రం పిచ్చెక్కిపోయేవారు. స్టూడియోలో దొరకనిది జనం ముందు దొరుకుతోందని వాళ్లకే అర్థమై, అక్కడే రికార్డు చేద్దామన్నారు. ప్రొడ్యూసర్ టామ్ డౌడ్. మొదటి రాత్రి స్టేజీ మీదకి శాక్సఫోన్ వాళ్లు కూడా ఎక్కేసరికి ఆయనకి టెన్షన్, వాళ్లని దించేయమన్నాడు. రోజూ షో అయిపోయాక బ్యాండంతా ఆయనతో కలిసి స్టూడియోకి వెళ్లి ఆ రాత్రి టేపులు వినేవాళ్లు. ఇది బాగా కుదిరింది, ఇక రేపు వాయించక్కర్లేదు, ఇది కుదరలేదు, రేపు మళ్లీ చూద్దాం, అలా తేల్చుకుంటూ పోయారు. 'స్టార్మీ మండే' పాటలో ఉన్న హార్మోనికా సోలోని డౌడ్ కత్తిరించేశాడు. తర్వాత వచ్చిన ఎడిషన్లో దాన్ని మళ్లీ కలిపారు, నేను రెండూ విన్నాను, నా ఓటు కత్తిరించినదానికే.

కవర్ ఫొటో కూడా చెప్పాలి. అది ఆ హాల్ దగ్గర తీసింది కాదు, జార్జియా రాష్ట్రంలో మేకన్ అనే వాళ్ల ఊళ్లో తీసింది. ఇటుక గోడ ముందు ఆంప్లిఫయర్ పెట్టెలు పేర్చి ఉంటాయి, వాటి దగ్గర ఆరుగురూ పగలబడి నవ్వుతుంటారు. అట్ట వెనక్కి తిప్పితే అదే గోడ, అవే పెట్టెలు, కానీ ఈసారి కూర్చున్నది వాటిని మోసే కుర్రాళ్లు, చేతుల్లో బీరు డబ్బాలతో. పెట్టెలు మోసినవాళ్లకి అట్ట మీద చోటిచ్చిన ఆ బ్యాండంటే నాకు చెప్పలేనంత గౌరవం.

నేను దీన్ని మొదట విన్నది ఎల్పీ మీద కాదు, ఒక ఫ్రెండ్ కాపీ చేసిచ్చిన 90 నిమిషాల క్యాసెట్ మీద. ఎల్పీ రెండు సైడ్లు కలిపి క్యాసెట్‌కి ఒక సైడు. పాటల పేర్లు బాల్‌పెన్నుతో రాసి ఉండేవి, కవర్ లేదు, ఎవరు ఏం వాయిస్తున్నారో తెలియదు. 'విప్పింగ్ పోస్ట్'కి ముందు బ్యాండు గిటారిస్ట్ డ్వేన్ ఆల్‌మన్ మైకులో, మా మొదటి ఆల్బమ్‌లో పాటొకటి వాయిస్తాం అంటుండగానే, జనంలోంచి ఎవడో పాట పేరు అరుస్తాడు. కనిపెట్టేశావే అంటాడు డ్వేన్. ఆ అరిచినవాడి పేరేంటో లోకానికి తెలియదు గానీ, యాభై ఏళ్లకు పైగా ఆ గొంతు ఆ పాటలో భాగమైపోయింది. స్టూడియో రికార్డులో ఇలాంటిది దొరకదు.

ఇక డీప్ పర్పుల్ 'మేడ్ ఇన్ జపాన్'. 1972 ఆగస్టు 15, 16 ఒసాకాలో, 17న టోక్యో బుడోకాన్‌లో, మూడు రాత్రులు. అడిగింది జపాన్ రికార్డు కంపెనీ, బ్యాండుకి అంత ఉత్సాహం లేదు, అక్కడ మాత్రమే అమ్ముతారనుకున్నారు. గాయకుడు ఇయాన్ గిల్లన్‌కి అప్పుడు గొంతు బాగాలేదు, తన పాట తనకే నచ్చలేదు. మనకేమో 'చైల్డ్ ఇన్ టైమ్'లో ఆ కేకలు వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది! నాలుగు సైడ్లలో ఉన్నవి ఏడంటే ఏడు పాటలు. అందులో ఒకచోట గిల్లన్, అన్నీ అన్నిటికంటే గట్టిగా వినపడేలా పెట్టండి అని అడుగుతాడు, అది తర్వాత రాక్ లోకంలో సామెతలా అయిపోయింది.

1975లో కిస్ 'అలైవ్!', 1976లో పీటర్ ఫ్రాంప్టన్ 'ఫ్రాంప్టన్ కమ్స్ అలైవ్!' వచ్చాక లెక్కలు మారాయి. కిస్ అంతకుముందు చేసిన మూడు ఆల్బమ్‌లూ అంతంతమాత్రం, ఈ డబుల్ ఆల్బమ్ వాళ్లని నిలబెట్టింది. ఫ్రాంప్టన్‌ది అమెరికాలో పది వారాలు నంబర్ వన్. ఇక ప్రతి బ్యాండూ నాలుగైదు ఆల్బమ్‌లు కాగానే ఒక డబుల్ లైవ్ వేయడం ఆనవాయితీ అయిపోయింది. దాంతో పాటే ఒక రోగం పట్టుకుంది: స్టేజీ మీద పోయిన శ్రుతిని స్టూడియోలో కూర్చుని సరిచేయడం. కిస్ ఆల్బమ్‌లో అలా చేశారని తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు. థిన్ లిజ్జీ 'లైవ్ అండ్ డేంజరస్'లో ముప్పావు వంతు స్టూడియోలోదే అని ప్రొడ్యూసర్ టోనీ విస్కాంటి అంటే, కాదు ముప్పావు వంతు స్టేజీదే అని మేనేజర్ అన్నాడు. నాకు తప్పిన స్వరం ఒకటి దిద్దితే బాధ లేదు. కానీ అరుపులు కూడా తెచ్చి అతికిస్తే మాత్రం, ఆ రాత్రి టికెట్ కొనుక్కుని వచ్చి నిలబడ్డవాళ్లకి అన్యాయం చేసినట్టే అనిపిస్తుంది.

సీడీ వచ్చాక రెండు ఎల్పీలు ఒక్క డిస్కులో సర్దుకున్నాయి, లేచి సైడు తిప్పే పని పోయింది. 2014లో ఆ ఫిల్‌మోర్ టేపులు ఆరు సీడీల సెట్‌గా వచ్చాయి, ఆ మార్చిలో రికార్డు చేసిన షోలన్నీ ఉన్నాయి. ఒకే పాట నాలుగు షోల్లో నాలుగు రకాలుగా. వింటే సంతోషమే, కానీ విన్నాక డౌడ్ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. నాలుగు సైడ్లంటే పాట ఒళ్లు విరుచుకోవడానికి సరిపడా చోటు, అయినా ఎవరో ఒకరు కూర్చుని ఇది ఉంచుదాం ఇది తీసేద్దాం అని తేల్చక తప్పనంత ఇరుకు కూడా. ఆరు సీడీల్లో ఆ ఇరుకు లేదు.

చివరగా ఆ నాలుగో సైడు చివర వినిపిస్తాను, వాల్యూమ్ కాస్త పెంచండి. 'విప్పింగ్ పోస్ట్' అయిపోయింది, జనం అరుస్తున్నారు, ఆ అరుపుల కింద డ్రమ్ ఆగలేదు, వింటున్నారా? బ్యాండు ఆపకుండా తర్వాతి పాటలోకి వెళ్తోంది. ఇదిగో, గిటార్ అందుకుంది. ఇక్కడితో సైడు అయిపోయింది, చోటు లేదు, సౌండ్ తగ్గించేశారు. ఆ పాట 'మౌంటెన్ జామ్', 33 నిమిషాలు. 1972 ఫిబ్రవరిలో 'ఈట్ ఎ పీచ్' అనే తర్వాతి డబుల్ ఆల్బమ్‌లో, రెండు సైడ్లకు విడగొట్టి వేశారు. అప్పటికి డ్వేన్ లేడు. 1971 అక్టోబర్ 29న మేకన్‌లోనే మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు, ఇరవై నాలుగేళ్లవాడు. జులైలో ఈ రికార్డు కొన్నవాళ్లు, సగంలో ఆగిన ఆ పాట మిగతాది వినేసరికి, వాయించినవాడు లేడు.

మళ్లీ ఒకసారి వేస్తాను, ఆ గిటార్ అందుకునే చోటు నుంచి.