నూనె ఎక్కడి నుంచి కారుతోంది?

(మిషిగన్‌లో తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలందరి పేర్లూ చదవమని కార్యదర్శి గారు ఒక కాగితం ఇచ్చారు. నాకంటే ముందు మాట్లాడిన నలుగురూ చదివేశారు కాబట్టి నేను చదవను. పెద్దలు ఏమీ అనుకోరు. అనుకున్నా భోజనాల దగ్గర సర్దుకుందాం.

నాకిచ్చిన అంశం "రిటైర్మెంట్ తర్వాత జీవితం". సమయం 15 నిమిషాలు. పొదుపు, నడక, షుగరు, మనవలు, ఇలా వరసగా రాసుకొచ్చాను కూడా. కానీ పొద్దున బయట పార్కింగ్‌లో నలుగురు కుర్రాళ్లు నా ట్రక్కు చుట్టూ మూగి, "అంకుల్, ఇది మీరే రిపేర్ చేశారా?" అని అడిగారు. అవునన్నాను. "యూట్యూబ్ చూసా?" అన్నారు. అక్కడ నాకు కాస్త ఒళ్లు మండింది. నేను రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉండిపోయింది. అక్కడే ఉండనివ్వండి.

ఆ ట్రక్కు 1972 నాటి ఫోర్డ్ ఎఫ్-100. ఫోర్డ్ వాళ్ల రూజ్ కర్మాగారం ఉన్న డియర్‌బార్న్ ఇక్కడికి దగ్గరే కదా, ఆ ఊరి గాలి తగిలిన బండి అనుకోండి. ఇంజను 390 క్యూబిక్ అంగుళాలది, అంటే మన లెక్కలో 6.4 లీటర్లు. ఎనిమిది సిలిండర్లు, నాలుగూ నాలుగూ రెండు వరసలు, ఇంగ్లీషు వి అక్షరంలా. మధ్యలో లోయ. ఆ లోయ మీద ఇంటికప్పులా కూర్చునేదే ఇంటేక్ మ్యానిఫోల్డు. దాని నెత్తిన కార్బురేటరు. కార్బురేటరులో కలిసిన గాలీ పెట్రోలూ ఎనిమిది సిలిండర్లకీ పంచిపెట్టడం దాని పని. పెళ్లి పందిట్లో వడ్డించేవాడి లాంటిది. ఒక విస్తరికి తక్కువైతే ఆ విస్తరి ముందున్నవాడు ఊరుకోడు.

బండి కొన్న నెలకే డ్రైవ్‌వే మీద నూనె మరకలు. ఒక షాపుకి తీసుకెళ్లాను. పేరు చెప్పను, మీలో ఇద్దరు ముగ్గురు అక్కడికే వెళ్తారు. వాళ్లు కింద నుంచి చూసి, ఇంజను వెనక భాగం తడిగా ఉంది కాబట్టి క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాని వెనక సీలు పోయిందన్నారు. 1,100 డాలర్లు తీసుకుని మార్చారు. ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున మళ్లీ మరక. మళ్లీ వెళ్తే, "పాత బండి సార్, అలాగే కారుతుంది" అన్నారు.

అలాగే కారుతుందట! ఎవరైనా డాక్టరు మీతో అలా అంటే ఊరుకుంటారా? నాలుగు రోజులు నాకు నిద్ర పట్టలేదు. డబ్బు గురించి కాదండీ. సరే, డబ్బు గురించి కూడా.

ఇక్కడ మా బాబాయి గురించి చెప్పాలి. విజయవాడ ఆటోనగర్‌లో బెంజి లారీల షెడ్డులో మేస్త్రీ. టాటా వాళ్లకీ డైమ్లర్ బెంజ్‌కీ 1954లో కుదిరిన ఒప్పందం 1969లో ముగిసింది. లారీ ముందున్న మూడు కోణాల నక్షత్రం పోయింది. అయినా షెడ్డులో ఎవరూ టాటా అనలేదు, బెంజి అనే అన్నారు. వేసవి సెలవుల్లో నేను అక్కడ పానాలు అందించేవాణ్ణి. గ్యాస్కెట్ అనే మాట నాకు కాలేజీలో తెలిసింది. అక్కడ దాని పేరు ప్యాకింగ్, రెండు ఇనుప ముఖాల మధ్య కారకుండా పెట్టే పొర. షీటు తెచ్చి ఇనుము ముఖం మీద పరిచి, గుండు సుత్తితో అంచుల వెంట టకటకా కొడితే ప్యాకింగ్ దానంతటదే తెగి చేతికొచ్చేది. ఇప్పటికీ ఆ చప్పుడు నా చెవుల్లో ఉంది.

బాబాయి ఒక మాట అనేవాడు: "నూనెకి కాళ్లు లేవురా, కిందకే జారుద్ది. తడి కనపడ్డ చోటు వదిలేసి పైకి చూసుకుంటా పో." అయిదో రాత్రి అది గుర్తొచ్చింది. లేచి గ్యారేజీలోకి వెళ్లి టార్చిలైటూ, మా ఆవిడ చేతి అద్దమూ పట్టుకుని ఇంజను వెనక భాగానికీ, ఫైర్‌వాల్‌కీ (ఇంజనుకీ డ్రైవరు క్యాబిన్‌కీ నడుమ ఉండే రేకు గోడ) మధ్య సందులో చూశాను. మ్యానిఫోల్డు వెనక అంచు కింద పెట్టిన కార్కు సీలు పక్కకి జరిగి, నాలుకలా బయటికి వేలాడుతోంది. నూనె అక్కడ పుట్టి, ఇంజను వీపు మీదుగా జారి, గేరుబాక్సు మొదట్లో చుక్క కడుతోంది. కింద నుంచి చూస్తే అచ్చం క్రాంక్ సీలు కారినట్టే ఉంటుంది. పైకి చూసేవాడికి 1,100 డాలర్లు మిగిలేవి. సరే, వదిలేద్దాం.

కాదు, వదలను. మీ ఇంటి పైకప్పు కారితే మేస్త్రీ నేల తవ్వుతాడా? ఇంతే చెప్పి ముందుకెళ్తాను.

ఈ ఇంజనుతో ఒక పేచీ ఉంది. మామూలు వి8లో మ్యానిఫోల్డు బోల్టులు ఊడదీస్తే పైకొస్తుంది. ఈ రకం ఫోర్డ్ ఇంజనులో వాల్వులు కదిలించే పుష్‌రాడ్లు మ్యానిఫోల్డులోంచే దూరి వెళ్తాయి. వాల్వ్ కవరు ఒక అంచు కూడా దాని మీదే కూర్చుంటుంది. ఒక్కో ప్లగ్గుకీ వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు దాన్ని దాటుకునే కిందకి దిగుతుంది. కాబట్టి కవర్లు, రాకర్ షాఫ్టులు, 16 పుష్‌రాడ్లు, డిస్ట్రిబ్యూటరు, అన్నీ బయటికి రావాల్సిందే. ఏ పుష్‌రాడ్ ఏ చోటిదో ఆ చోటికే వెళ్లాలి. ఇన్నేళ్లుగా ఒకదానికొకటి అరిగి అలవాటు పడ్డాయి. అట్టపెట్టెకి 16 చిల్లులు పొడిచి, అంకెలు వేసి గుచ్చాను. పోత ఇనుము మ్యానిఫోల్డు 80 పౌండ్ల దాకా ఉంటుంది. ఫోర్డ్‌లో పనిచేసి రిటైరైన పక్కింటి పెద్దాయన ఇంజను ఎత్తే క్రేన్ ఇచ్చి, ఏమీ మాట్లాడకుండా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఊడదీయడం ఒక పూట పని. మిగతాదంతా మళ్లీ బిగించడమే. కుర్రాళ్లూ, వినండి, మీ వీడియోలు ఇక్కడే ఫాస్ట్ ఫార్వర్డ్ చేస్తాయి. పాత ప్యాకింగ్ గీకడానికే నాకు రెండు రోజులు పట్టింది. గీకిన పొట్టు లోయలో పడకుండా బనియన్ గుడ్డలు కుక్కాను. ఒక్కో గుడ్డ పెట్టినప్పుడల్లా గ్యారేజీ గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీశాను. ఇది కూడా బాబాయి పద్ధతే. ఒకసారి వాళ్ల షెడ్డులో కుర్రాడొకడు బనియన్ వేస్టు ఉండ గాలి గొట్టంలో మరిచిపోయాడు. లారీ లోడుతో హైదరాబాదు బయల్దేరి, నందిగామ దాటకుండానే ఊపిరాడక ఆగిపోయింది. ఆ మర్నాటి నుంచి షెడ్డు గోడ నిండా గీతలే. నా గోడ మీద ఏడు గీతలు. బయటికొచ్చిన గుడ్డలు ఆరు. చెమటలు పట్టాయి. ఏడోది డిస్ట్రిబ్యూటరు కన్నంలోకి జారి ఉంది. గీతలు లేకపోతే ఆరూ తీసి హాయిగా మూత పెట్టేసేవాణ్ణే.

కార్కు సీళ్లు కొత్త డబ్బాలో ఇచ్చారు. వాటిని తీసి చెత్తబుట్టలో వేశాను. ముందూ వెనకా అంచుల మీద పావు అంగుళం లావున సిలికాన్ పేస్టు ఒత్తాను, మూలల్లో కాస్త ఎక్కువ. దానికి ముందు ఆ అంచుల్ని అసిటోన్‌తో తుడవాలి. చేతి జిడ్డు తగిలినా పేస్టు పట్టదు. హెడ్ల ముఖాల మీద మామూలు ప్యాకింగే, నీటి దారుల చుట్టూ పల్చగా పేస్టు. ఆ నీళ్లు లోయలోకి కారితే నూనె పాలు కలిపిన టీలా తయారవుతుంది. ఇక నాలుగు పాత బోల్టుల తలలు కోసి, నాలుగు మూలలా గైడ్లుగా నిలబెట్టాను. మ్యానిఫోల్డు వాటి వెంట నిటారుగా దిగాలి. దించాక అటూఇటూ జరిపామా, పేస్టు చెదిరినట్టే. నేను మెల్లగా దించుతుంటే పక్కింటాయన మొదటిసారి నోరు తెరిచాడు, "ఆగు" అని. వెనక ఒక వైరు కిందికి నలగబోతోంది. అంతే, మళ్లీ మాట్లాడలేదు.

బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, అటొకటి ఇటొకటి, మూడు విడతల్లో. చివరి లెక్క 32 నుంచి 35 ఫుట్-పౌండ్లు. ఇంజను వేడెక్కి చల్లారాక మళ్లీ ఒక విడత. బలం చూపించాలనుకునే మగవాళ్లు ఈ పని చేయకండి.

కార్యదర్శి గారు చీటీ పంపారు. రెండే నిమిషాలట. పులిహోర ఎక్కడికీ పోదు సార్.

డిస్ట్రిబ్యూటరు దగ్గర నేను బోల్తా పడ్డాను. ఒకటో సిలిండరు పిస్టను పైకొచ్చినప్పుడు డిస్ట్రిబ్యూటరు లోపల తిరిగే ముల్లు, రోటరు, ఒకటో వైరు వైపు చూడాలి. కానీ పిస్టను పైకి రెండుసార్లు వస్తుంది, ఒకసారి గాలి నొక్కడానికి, ఒకసారి పొగ తోయడానికి. క్రాంకు ముందున్న చక్రం మీది గుర్తు రెండుసార్లూ ఒకేలా కనిపిస్తుంది. నేను రెండో దానికి పెట్టేశాను. తాళం తిప్పగానే కార్బురేటరులోంచి దీపావళి. వీధి చివర కుక్కలన్నీ మొరిగాయి. పక్కింటాయన కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకున్నాడు. మర్నాడు మా ఆవిడ, అదిగో మూడో వరసలో కూర్చుంది, ప్లగ్గు తీసిన రంధ్రం మీద బొటనవేలు పెట్టింది. నేను కింద నుంచి క్రాంకు తిప్పాను. "తోస్తోంది, తోస్తోంది!" అని అరిచింది. అక్కడ ఆపి గుర్తు పెట్టుకుని డిస్ట్రిబ్యూటరు దించాను. 1-5-4-2-6-3-7-8 వరసలో వైర్లు. రెండో తిప్పుకి అందుకుంది. వాక్యూమ్ గేజి ముల్లు 18 దగ్గర కదలకుండా నిలబడింది. ఎక్కడైనా గాలి పీలుస్తుంటే ఆ ముల్లు అంత పైకి రాదు. మా ఆవిడ బొటనవేలికి వారం రోజులు గ్రీజు మరక పోలేదు. దాని గురించి మీరు ఆవిడనే అడగండి, నాకంటే బాగా చెబుతుంది.

మూడో చీటీ వచ్చింది. సరే, దిగుతున్నాను. ట్రక్కు కింద ఒక అట్టముక్క పరిచి వచ్చాను. భోజనాలయ్యాక కుర్రాళ్లు వెళ్లి చూడండి. వెనక వైపు చుక్క పడి ఉంటే మైకు పట్టుకుని అందరికీ చెప్పండి. ముందు వైపు ఒక చుక్క ఉంటుంది, అది పవర్ స్టీరింగ్‌ది. దాని సంగతి వచ్చే ఉగాదికి.