బంగారం వాటా పెరిగింది, అమ్మాలా?

యాంకర్: తర్వాతి కాలర్ లైన్‌లో ఉన్నారు. హలో, చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. నాకు 66 ఏళ్లు. ఆరేళ్ల కిందట రిటైరయ్యాను. అప్పుడు మా డబ్బులో పదో వంతు బంగారంలో పెట్టాం. మిగతాది షేర్ల ఫండ్లు, బాండ్లు. మొన్న లెక్కేస్తే బంగారం 17 శాతమైంది. అమ్మాలో ఉంచాలో తేలక నిద్ర పట్టట్లేదు సార్.

నిపుణుడు: ఆ 17లో ఒంటిమీద నగలు కలిపారామ్మా?

కాలర్: లేదండీ. బంగారం ఫండ్, నాలుగు బిస్కెట్లు. అంతే.

నిపుణుడు: మంచిది. అమ్మే ఉద్దేశం లేనిదాన్ని కలిపితే లెక్క తప్పుతుంది. ధర రోజూ చూస్తుంటారా?

కాలర్: పొద్దున్నే రూళ్ల నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసుకుంటానండీ. నాలుగో పుస్తకం నడుస్తోంది. రేపు ఇంకా పెరుగుతుందేమో అనిపించి అమ్మడానికి చేతులు రావట్లేదు.

నిపుణుడు: అక్కడే చిక్కుందమ్మా. ధర ఎటు పోతుందో నాకూ తెలియదు, ఎవరికీ తెలియదు. 1980 జనవరిలో బంగారం ఔన్సు 850 డాలర్లకు ఎక్కింది. మళ్లీ ఆ అంకె కనిపించింది 2008 జనవరిలో. 28 ఏళ్లు! అరవయ్యో ఏట ఆ ధరకు కొన్న మనిషికి అప్పటికి 88 వస్తాయి. మధ్యలో వడ్డీ లేదు, డివిడెండు లేదు. ఈ మాట తలుచుకుంటే నాకు భయమేస్తుంది. జీతం ఆగిపోయాక అన్నేళ్లు ఎదురుచూసే వ్యవధి మనకుండదు కదా.

కాలర్: అయితే మొత్తం అమ్మేయమంటారా?

నిపుణుడు: అయ్యో, వద్దు! షేర్లు కుదేలైనప్పుడు చాలాసార్లు ఆదుకునేది బంగారమే. దాని వాటా దానికి ఉండాలి. మీరు అనుకున్నది 10 శాతం. దానికి అటూ ఇటూ పావు వంతు జాగా ఇవ్వండి. అంటే ఏడున్నర నుంచి పన్నెండున్నర దాకా కదిలించొద్దు. గీత దాటితేనే చెయ్యి పెట్టండి. ఏడాదికి రెండుసార్లు, ముందే అనుకున్న తేదీల్లో చూస్తే చాలు.

కాలర్: ఇప్పుడు దాటింది కదండీ.

నిపుణుడు: బాగా దాటింది. ఇప్పుడు పన్నెండున్నరకు వచ్చేంత అమ్మి బాండ్లలోకి మార్చండి. ముందు ఫండ్ యూనిట్లు అమ్మండి, బిస్కెట్లకు కొనే ధరకీ అమ్మే ధరకీ తేడా ఎక్కువ. పన్ను ఎంత పడుతుందో ముందే లెక్క చూసుకోండి. 10కి పైనున్న ఆ మిగతా రెండున్నరకు విడిగా అమ్మకం పెట్టుకోనక్కర్లేదు. ఇంటి ఖర్చుకు ఏటా ఎంత తీస్తారు?

కాలర్: మొత్తంలో 4 శాతం దాకా.

నిపుణుడు: ఆ ఖర్చు డబ్బు కొన్నాళ్లు బంగారంలోంచే తీసుకోండి. ధరలు ఇలాగే ఉంటే సుమారు ఎనిమిది నెలల్లో 10కి దిగుతుంది. ఎలాగూ తీసే డబ్బే కాబట్టి మనసుకూ కష్టం ఉండదు.

కాలర్: మరి పడిపోతే కొనాలా?

నిపుణుడు: ఏడున్నర కిందకు వస్తే కొనాలి. అప్పుడు ఇంకా భయమేస్తుంది, అయినా కొనాలి. కాకపోతే రెండేళ్ల ఖర్చుకని పక్కన పెట్టుకున్న డబ్బు మాత్రం ముట్టుకోవద్దు.

యాంకర్: ఇంకో కాల్ ఉంది సార్. హలో?

రెండో కాలర్: వెండికీ ఇదే లెక్కాండీ?

నిపుణుడు: వెండి విడిగా చూడండి బాబూ. సగానికి పైగా పరిశ్రమలకే పోతుంది, మాంద్యం వస్తే షేర్లతో పాటే జారుతుంది. 2011 ఏప్రిల్‌లో 49 డాలర్ల దాకా వెళ్లి 2015 చివరికి 14 దగ్గర పడింది. వాటా చిన్నగా పెట్టి, జాగా ఎక్కువ ఇవ్వండి. సగం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

యాంకర్: అమ్మా, లైన్‌లోనే ఉన్నారా?

మొదటి కాలర్: ఉన్నానండీ. పుస్తకం ముందే ఉంది. ఇవాళ్టి ధర కొట్టేసి 17 అని రాశాను. దాని కింద పన్నెండున్నర.

నిపుణుడు: పక్కన తేదీ కూడా వెయ్యండమ్మా.